దయ్యానికి మా లైబ్రరీ తాళం ఎవరిచ్చారు?

గోదావరి జిల్లాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న ఒక సోదరి చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఆ రెండింటితో పాటు మనుషుల్ని గుర్తుపట్టించే వివరాలు కూడా తీసేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆ లైబ్రరీ పాత పెంకుటింట్లో ఉంది. స్వాతంత్ర్యం రాకముందు ఊరి పెద్ద ఒకాయన పుస్తకాల కోసమే ఇచ్చిన ఇల్లది. రోజూ పొద్దున్నే వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునే రిటైర్డ్ తెలుగు మాష్టారు నిరుడు చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు వింతలు మొదలయ్యాయి. గోడవారకు జరిపిపెట్టిన మాష్టారి కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గర కనిపిస్తోంది. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే పెన్సిల్‌తో "హంతకుడు వంటవాడే, ఇక చదివి ఏం లాభం?" అని రాసి ఉంటోంది. ఒక ప్రేమ నవల అంచున "ఈ అమ్మాయి మాట నమ్మకండి" అని ఉంది. పోటీ పరీక్షల గైడులో తప్పు జవాబులు కొట్టేసి సరైనవి రాశారు. పాత వారపత్రికల్లో గళ్ళనుడికట్టులు పూర్తయిపోతున్నాయి. పాఠకులు బల్లల మీద చిందరవందరగా వదిలేసిన పుస్తకాలు నంబర్ల వరసలో తిరిగి ర్యాకుల్లోకి వెళ్ళిపోతున్నాయి. మరోపక్క ఒక ర్యాకు పై అర నుంచి పుస్తకాలు కింద పడుతున్నాయి. రాత్రుళ్ళు అటక మీద అడుగుల చప్పుడు వస్తోందని పక్కింటివాళ్ళు చెబుతున్నారు. ఆపిన ఫ్యాను పొద్దున్న వచ్చేసరికి తిరుగుతోంది.

"సాయంత్రం నేనొక్కణ్ణే తాళం వేయను అంటున్నాడు మా అటెండర్. పరీక్షలకు చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలు మానేశారు, ఇళ్ళల్లో పంపడం లేదట. కుర్రాళ్ళు మాత్రం దయ్యం కుర్చీతో సెల్ఫీలు తీసుకుంటున్నారు. పెద్దలు శాంతిహోమం చేయిద్దాం అంటున్నారు. దాతగారి మనవడు, ఇది అచ్చిరాని ఇల్లు, లైబ్రరీని పంచాయతీ ఆఫీసు పక్క గదిలోకి మార్చుకోండి అంటున్నారు. మా అమ్మ తాయెత్తు కట్టింది. మావారు బదిలీ పెట్టుకోమంటున్నారు. రోజూ బస్సులో రానూపోనూ ప్రయాణం, బాబు చదువు, అవీ ఉన్నాయి. పై ఆఫీసులో చెబితే నవ్వుతారు. చెప్పకుండా ఉండి, రేపు పుస్తకాలు పోతే నా జీతంలో కోస్తారు. వీటన్నిటికన్నా నన్ను కంగారుపెడుతున్నది ఇంకొకటుంది. శనివారం పొద్దున్న తాళం తీసేటప్పుడు, ఈసారి ఏం రాసుంటుందా అని ఆత్రంగా ఉంటోంది. నాకేమైనా పిచ్చా? దీన్ని వెళ్ళగొట్టాలా, ఉండనివ్వాలా?"

మీకు పిచ్చి లేదమ్మా. రోజంతా పేపర్లు మడతపెట్టి, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకుని ఇంటికెళ్ళే ఉద్యోగంలో, పుస్తకం చదివి దాని గురించి ఒక మాట రాసే మనిషి మీకు దొరికారు. ఆత్రం ఉండదూ మరి! "మనిషి" అని కావాలనే అంటున్నాను. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది, కానీ మీరు గమనించినట్టు లేరు.

మీరు తేదీలతో సహా రాసిన సంఘటనల్లో పెన్సిల్ రాతలు, కుర్చీ, సర్దిన పుస్తకాలు, ఇవన్నీ దాదాపుగా శనివారం పొద్దున్నే బయటపడ్డాయి. మీ గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. అంటే గురువారం సాయంత్రం తాళం పడ్డాక శనివారం దాకా అక్కడికి ఎవరూ రారు. చనిపోయినవారికి ప్రభుత్వ సెలవులతో పనేముంది? రాత్రి రాత్రికీ తిరగొచ్చు. సెలవు చూసుకుని వచ్చేది బతికున్నవాళ్ళే. పైగా మీరే రాశారు, తలుపు విరగలేదు, కిటికీ ఊచలు కదలలేదు, తాళం వేసినట్టే ఉంది అని. మీ తాళంచెవులు మూడట, మూడు చోట్ల ఉన్నాయట. ఆ మూడు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇక్కడ రాయను. ఈ సమాధానం మీ ఊళ్ళోనూ చదువుతారు. ఎవరి మీద నాకు ఏమనిపించిందో, ఎందుకనిపించిందో మీకు విడిగా రాశాను. అది కూడా ఊహే, తీర్పు కాదు.

ఇక మిగతావి. అటక మీద అడుగులు, పడే పుస్తకాలు, తిరిగే ఫ్యాను. వీటిని పెన్సిల్ రాతలతో కలిపి ఒకే దయ్యం ఖాతాలో వేయడం వల్లే ఇది ఇంత పెద్దదైంది. ఇవి శనివారమే జరుగుతున్నాయని మీరెక్కడా రాయలేదు. పెంకుటిళ్ళ అటకల మీద పునుగుపిల్లి కాపురం పెట్టడం మన వైపు మామూలే. రాత్రిపూట అది నడిస్తే చిన్నపిల్లాడు పరిగెత్తినట్టే ఉంటుంది. ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకాలు పడేది ఎప్పుడూ ఆ ఒక్క ర్యాకు నుంచే కదా. దాని వెనక కాళ్ళు, ముందు కాళ్ళు చూడండి. చెదలు తిన్న ముందు కాలు ఒక్కటి కుంగినా పై అర ముందుకు వాలుతుంది. వానాకాలం తేమకు పుస్తకాలు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఫ్యాను విషయం ఇంకా తేలిక. సాయంత్రం కరెంటు పోయినప్పుడు స్విచ్ కట్టేయకుండా తాళం వేస్తే, రాత్రి కరెంటు రాగానే అది తిరుగుతుంది. అలా కాదు, స్విచ్ ఆపాకే తిరుగుతోంది అంటారా, అప్పుడది దయ్యం కన్నా ప్రమాదం. పాత వైరింగు, చుట్టూ కాగితాలు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మిగతా దేనికన్నా ముందు.

కలకత్తాలో మన జాతీయ గ్రంథాలయం చాలాకాలం ఉన్నది బెల్వెడేర్ అనే భవనంలో. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ల నివాసం. ఆ ఇంటికి దయ్యాల కథలు చాలానే ఉన్నాయి. 2010లో మరమ్మతుల కోసం పురావస్తు శాఖవాళ్ళు పరిశీలిస్తుంటే కింది అంతస్తులో తలుపూ కిటికీ లేని గది ఒకటి కనబడింది. ఇక ఊహలకు అంతు లేదు. నిధి ఉందన్నారు, మనుషుల్ని హింసించి చంపిన గది అన్నారు. మరుసటి ఏడాది చూస్తే లోపలంతా మట్టి. కట్టడం గట్టిగా నిలబడటానికి నింపిన మట్టి. మీ అటక సంగతీ ఎవరో ఒకరు నిచ్చెన వేసి చూసేదాకా ఇలాగే ఉంటుంది. పగటిపూట, ఇద్దరు పెద్దమనుషుల ఎదురుగా, ఆ సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్ళనే ఎక్కించండి. ఫోటోలు కూడా వాళ్ళే తీస్తారు, మనం చెప్పకుండానే ఊరంతా పంచుతారు.

ఇప్పుడు పెన్సిల్ దయ్యం దగ్గరికి వద్దాం. ఒక్కరు కాకపోవచ్చని నా అనుమానం. హంతకుడి పేరు మొదటి పేజీలో రాసే చెయ్యి వేరు, లైబ్రరీల్లో తెలుగు సాహిత్యానికి వేసే 894.827 నంబరు వరసలో పుస్తకాల్ని తప్పు లేకుండా పేర్చే చెయ్యి వేరు అనిపిస్తోంది. మొదటిది ఆటపట్టించే స్వభావం. రెండోది ఆ నంబర్లతో ఏళ్ళ తరబడి పరిచయం ఉన్నవాళ్ళకే వస్తుంది. అలాగని ఉద్యోగులే అనుకోవద్దు, ఇరవై ఏళ్ళుగా వచ్చే పాఠకుడికి కూడా ఏ పుస్తకం ఎక్కడుండాలో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. గైడులో సరైన జవాబులు రాసింది మూడో చెయ్యి కావచ్చు. పగలు రాలేకపోయిన ఎవరికో చదువుకోవడానికి చోటు కావాల్సి వచ్చిందేమో. ఊరికే మొదలైన ఆట ఊరంతా పాకిపోయి, ఇప్పుడు ఆపి ఒప్పుకునే ధైర్యం లేక కొనసాగుతోందేమో.

కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడిన హేతువాది అబ్రహాం కోవూర్ గురించి వినే ఉంటారు. రాళ్ళు పడే ఇళ్ళు, వస్తువులు వాటంతటవే కదిలే ఇళ్ళు ఆయన చాలా పరిశీలించారు. అలాంటి చోట్ల తరచూ ఆ ఇంటి మనుషుల్లోనే ఒకరు దొరికేవారు. ఎక్కువసార్లు చిన్నవాళ్ళు, మాట చెల్లనివాళ్ళు, మనసులో ఏదో బాధ పెట్టుకున్నవాళ్ళు. కోవూర్‌లో నాకు నచ్చేది దొంగను పట్టుకునే తెలివి కాదు. పట్టుకున్నాక వాళ్ళను దండించడం కన్నా వాళ్ళ బాధేమిటో చూడటం ముఖ్యమనుకున్నారు. మీ ముందున్న దారులన్నిటినీ ఈ ప్రశ్నతోనే చూడండి: దొరికాక ఆ మనిషి ఏమవుతారు?

అందరూ మీకు మొదట చెప్పేది సీసీ కెమెరా. పని చేస్తుంది, అనుమానం లేదు. కానీ ఆ వీడియో మీ ఫోన్‌లో ఎంతసేపు ఉంటుంది? సాయంత్రానికల్లా ఊళ్ళో ప్రతి వాట్సాప్ గ్రూపులోకి వెళుతుంది. దొరికింది మగమనిషి అయితే "దయ్యం వేషాలు" అని వీధిలో నాలుగు తగిలిస్తారు. ఆడపిల్ల అయితే చదువుకోవడానికి వచ్చిందని ఒక్కరూ అనరు, రాత్రిపూట అక్కడేం పని అంటారు. ఆ మాట ఆ పిల్ల జన్మంతా మోయాలి. పై ఆఫీసు అనుమతి లేకుండా ప్రభుత్వ గ్రంథాలయంలో కెమెరా పెడితే సంజాయిషీ మీరు కూడా ఇచ్చుకోవాలి. కాబట్టి పుస్తకాలో డబ్బో పోతున్నాయని తేలితే తప్ప ఈ దారి వద్దంటాను. రాత్రి కాపలా కాస్తాననే ఆలోచన కూడా వద్దు.

తాళం మార్చడం అన్నిటికన్నా చవక. కొత్త తాళం, రెండే చెవులు, రెండూ ఎవరి దగ్గరున్నాయో రిజిస్టర్‌లో రాసి సంతకాలు. నిజానికి ప్రభుత్వ ఆస్తి విషయంలో ఇలాగే ఉండాలి, మూడో చెవి బయట ఉండటమే తప్పు. దీనితో వారంలో దయ్యం పోతుంది. కాకపోతే అది ఎవరో, ఎందుకు వచ్చారో మీకెప్పటికీ తెలియదు. మీ శనివారం ఆత్రం కూడా అంతటితో సరి. ఊరివాళ్ళేమో హోమం చేయిస్తామన్నందుకే పారిపోయింది అంటారు, అలా అంటే అననివ్వండి.

హోమం గురించి. మీ పెద్దల్ని నేను తీసిపారేయడం లేదు. నలుగురికి ధైర్యం వచ్చి ఆడపిల్లల్ని మళ్ళీ పంపుతారంటే ఆ మేరకు లాభమే. కానీ లైబ్రరీ అందరిదీ, అన్ని మతాలవాళ్ళదీ. హోమం లోపల చేస్తే మీరు ఇబ్బందిలో పడతారు, కాగితాల మధ్య నిప్పు సంగతి సరే సరి. వాళ్ళ ఖర్చుతో, వాళ్ళ గుళ్ళో చేసుకుంటే మీరు అడ్డుచెప్పక్కర్లేదు. అయితే హోమం చేయడమంటే అక్కడ దయ్యం ఉందని ఊరంతా కలిసి ఒప్పుకోవడమే. ఆ మరుసటి శనివారం మళ్ళీ ఒక పెన్సిల్ రాత కనబడిందా, ఇక ఎవరూ గుమ్మం తొక్కరు. ఒక్కచోట మాత్రం గట్టిగా నిలబడండి. భూతవైద్యుణ్ణి, అంజనం వేసేవాణ్ణి లోపలికి రానివ్వకండి. వాడు వస్తే ఊరికే పోడు, ఎవరో ఒకరి వైపు వేలు చూపించి పోతాడు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఆ మాట వినబడితే మీ మండలం ఎస్సైకి, మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు మీ దగ్గర్లో ఉంటే వాళ్ళకు వెంటనే చెప్పండి.

ఉండనిద్దామా అన్నారు. ఉండనిచ్చిన లైబ్రరీ ఒకటుంది. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఎవాన్స్‌విల్‌లో విల్లార్డ్ లైబ్రరీ. బూడిదరంగు బట్టల్లో ఒక స్త్రీ తిరుగుతుందని 1937 నుంచీ చెప్పుకుంటున్నారు. లైబ్రరీవాళ్ళు ఖండించలేదు సరికదా, గదుల్లో కెమెరాలు పెట్టి ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చన్నారు. దయ్యం వల్ల ఆ లైబ్రరీకి పేరొచ్చింది. మీకు అలా కుదరదు. వాళ్ళకు అది వినోదం. మీ దగ్గర దానివల్ల ఆడపిల్లల చదువు ఆగింది. మీకు సరదాగా ఉన్నది వాళ్ళకు మూసిన తలుపు. ఉండనివ్వడానికి నాకు కనబడే అడ్డంకి ఇదొక్కటే, కానీ చాలా పెద్దది.

నేనైతే తాళం మార్చేముందు ఒక పని చేస్తాను. గురువారం సాయంత్రం ఆ కిటికీ పక్క బల్ల మీద ఒక నోటుబుక్కు, పెన్సిలు పెట్టి, మొదటి పేజీలో మీ చేత్తో రాయండి. పుస్తకాల్లో రాయొద్దనీ, చెప్పాలనుకున్నది ఇందులో రాయమనీ, రావాల్సిన అవసరమేమిటో చెబితే పగటిపూటే దారి చూస్తాననీ, ఎవరి పేరూ బయటపెట్టననీ, ఫలానా తేదీ నుంచి తాళం మారుతుందనీ. చివరి మాట తప్పకుండా రాయండి, గడువు లేకపోతే ఇది మరో ఆటగా సాగుతుంది. జవాబు వస్తే దాన్ని బట్టి నడవండి. సభ్యత్వ కార్డు కావాలా, డిపాజిట్ కట్టలేకపోతున్నారా, పరీక్షల దాకా వేరే వేళల్లో చదువుకునే చోటు కావాలా, ఇవన్నీ మీరు తీర్చగలిగినవో, పై ఆఫీసుకు రాసి సాధించగలిగినవో. మాష్టారు పోయిన దిగులే కారణమైతే ఆయన పేరుతో ఒక అర పెట్టండి, పుస్తకాలు సర్దడం వచ్చిన ఆ మనిషినే దాన్ని చూసుకోమనండి. జవాబు రాకపోతే చెప్పిన తేదీకి తాళం మార్చేయండి.

ఇందులో మీకు ప్రమాదం లేదని చెప్పను. ఆ నోటుబుక్కు ఉందంటే, ఎవరో లోపలికి వస్తున్నట్టు మీకు తెలుసుననే అర్థం. రేపు ఏ పుస్తకం పోయినా అదే మీకు వ్యతిరేక సాక్ష్యం. అందుకని ముందు లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌తో స్టాకు సరిచూసి, ఇద్దరు పాఠకుల సంతకాలు తీసుకోండి. పాత, మళ్ళీ దొరకని పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయండి. పై ఆఫీసుకు ఒక ఉత్తరం వెళ్ళాలి, అందులో దయ్యం ప్రస్తావన అక్కర్లేదు. "తాళంచెవులు బయట ఉన్నందున కొత్త తాళానికి, పాత వైరింగుకు, చెదలు పట్టిన ర్యాకుకు మరమ్మతు మంజూరు చేయగలరు." దీనికి నవ్వేవాళ్ళెవరూ ఉండరు, మీ తప్పేమీ లేదని కాగితం మీద ఉంటుంది.

దాతగారి మనవడి మాటను మాత్రం దయ్యంతో కలపకండి, అది ఆస్తి వ్యవహారం. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, తాతగారి ఇల్లు పాడైపోతోందన్న బాధే కావచ్చు. అయినా దానపత్రం రిజిస్టరైందో లేదో, అందులో షరతులేమున్నాయో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసి చూడమని మీ జిల్లా గ్రంథాలయ సంస్థను కోరండి. ఆ లోపు పాఠకుల హాజరు పడిపోకుండా చూడటం మీ పని, ఎందుకంటే ఖాళీ రిజిస్టర్ చూపించే భవనాలు తరలిస్తారు. ఊరివాళ్ళకు ఒక సంగతి గుర్తుచేయండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వాళ్ళు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సుగా వెళుతోంది. డబ్బు కడుతున్నది వాళ్ళు, కుర్చీలు ఖాళీగా ఉంటే నష్టం వాళ్ళదే.

ఆడపిల్లలు మళ్ళీ వచ్చేదాకా పుస్తకాలే వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు. మీకు పడవ అక్కర్లేదు. హైస్కూలు హెడ్మాస్టరుతో మాట్లాడి వారానికోసారి ఒక సంచి పుస్తకాలు పంపితే చాలు. నవంబర్ 14 నుంచి జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు తల్లుల్ని పిలవండి, పిల్లల్ని కాదు. కుర్చీల్లో కూర్చోబెట్టి అటక ఫోటోలు చూపించండి. రమ్మనాల్సింది పంపించేవాళ్ళను.

ఇది చదువుతున్న ఆ దయ్యంగారికి కూడా ఒక విన్నపం. అయ్యా, లేదా అమ్మా, గళ్ళనుడికట్టు వరకూ ఫరవాలేదు. హంతకుల పేర్లు రాయడం మాత్రం నేను క్షమించలేను.

అమ్మ కట్టిన తాయెత్తు తీసేయాలా అని కూడా అడిగారు. ఉంచుకోండి, ఆవిడకు నిద్రపడుతుంది. బదిలీ సంగతి మీవారితో విడిగా, దయ్యం మాటెత్తకుండా మాట్లాడండి. రోజూ అంతదూరం బస్సు ప్రయాణం, బాబు చదువు, ఇవి దయ్యం లేకపోయినా ఉన్న కష్టాలే. వాటికోసం వెళ్ళాలనిపిస్తే నిస్సంకోచంగా వెళ్ళండి, పారిపోయారని ఎవరూ అనుకోరు. దరఖాస్తులో కారణం రాసేచోట ఆ రెండే రాయండి. కాకపోతే తాళం, స్టాకు, వైరింగు పూర్తయ్యాకే ఛార్జి అప్పగించండి. లేకపోతే మీ తర్వాత వచ్చేవాళ్ళు కూడా ఇలాంటి ఉత్తరమే నాకు రాయాల్సొస్తుంది.